మీకు తెలుసా? ఉంగరం లేని శకుంతల

ఓ ఏడాది గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లలకు క్విజ్ పెట్టి, ప్రశ్నలడిగే పని నాకు అప్పగించారు. "శకుంతల ఏం పోగొట్టుకుంది?" అన్నాను. ప్రశ్న పూర్తయ్యీ కాకముందే గదంతా ఒక్క గొంతుతో "ఉంగరం!" అంది. అందరికీ మార్కులు వేసేశాను. ఇంటికొచ్చి ఎందుకో నన్నయ భారతం తిరగేస్తే, అందులో ఉంగరం ఊసే లేదు!

అప్పట్నుంచి నాకో అలవాటు పట్టుకుంది. బాగా తెలుసనుకున్న ఆడపాత్ర ఎవరైనా తారసపడితే, అసలు పుస్తకంలో ఆవిడ ఏం మాట్లాడిందో వెతుక్కుని చూడటం. చూసినప్పుడల్లా ఒకటే అనుభవం. క్యాలెండరు బొమ్మలో తల దించుకుని నిలబడ్డ మనిషి, పుస్తకంలో తలెత్తి మాట్లాడుతూ కనిపిస్తుంది. అలా ఏరుకున్న ముచ్చట్లు కొన్ని ఇవి.

ఎవరు నువ్వు?

ఉంగరమూ, దుర్వాసుడి శాపమూ కాళిదాసు నాటకంలోవి. వ్యాసుడి భారతంలో అవి లేవు. వ్యాసుణ్ని అనుసరించిన నన్నయలోనూ లేవు. మరి దుష్యంతుడు ఎలా మరిచిపోయాడు? మరిచిపోలేదు. తెలిసీ తెలియనట్టు నటించాడు. అసలు కథలో ఉన్న కారం అదే.

ఈ శకుంతల పెళ్లికి ముందే షరతు పెట్టింది: నాకు పుట్టే కొడుకే నీ తర్వాత రాజు కావాలి. సరేనన్నాడు. ఏళ్లు గడిచాయి, కబురు లేదు. కొడుకును వెంటబెట్టుకుని నిండు సభకు వచ్చింది. "ఎవరు నువ్వు?" అన్నాడాయన. ఆమె అక్కడ కూలబడి ఏడవలేదు. నీ మనసుకు తెలిసిన నిజానికి నువ్వే సాక్షివి, ఎందుకు అబద్ధమాడతావని నిలదీసింది. నూరు నూతుల కంటే ఒక బావి మేలు, నూరు బావుల కంటే ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు, అలాంటి కొడుకులు నూరుగురి కంటే ఒక్క నిజమైన మాట మేలు అని మెట్టు మెట్టుగా లెక్క కట్టి చూపించింది. ఆకాశవాణి పలికాక గానీ రాజు నోట నిజం రాలేదు. లోకం ఏమనుకుంటుందోనని అలా అన్నానని అప్పుడు ఒప్పుకున్నాడు.

ఉంగరం ఉన్న కథలో తప్పు శాపానిది, చేపది. ఉంగరం లేని కథలో తప్పు మనిషిది. మనకు గుర్తుండిపోయింది మాత్రం చేప మింగిన కథే.

గీత లేదు, కత్తి ఉంది

లక్ష్మణరేఖ వాల్మీకి రామాయణంలో లేదు. తెలుగులో రంగనాథ రామాయణంలో గీతలు కనిపిస్తాయి. "గీత దాటిన ఆడది" అని సామెతలా వాడేసుకుంటున్నాం గానీ, వాల్మీకి సీతకు దాటడానికి గీతే లేదు.

ఆమెకు ఉన్నది నోరు. అడవికి నువ్వు రావద్దని రాముడు అన్నప్పుడు ఆమె అన్న మాట ఎంత ఘాటైనదంటే, అల్లుడని ఎంచుకున్నవాడు మగరూపంలో ఉన్న ఆడదని మా నాన్నకు తెలియదు కాబోలు అనేసింది. అరణ్యకాండలో ఇంకో సంభాషణ ఉంది, అది చాలామంది చదవనే చదవరు. రాక్షసులను చంపుతానని రాముడు మునులకు మాటిచ్చాక, దారిలో సీత ఒక కథ చెబుతుంది.

ఒక తపస్వి దగ్గర ఇంద్రుడు మారువేషంలో వచ్చి కత్తి దాచిపెట్టి వెళ్లాడు. నమ్మి అప్పగించిన వస్తువు కదా అని ఆ తపస్వి పండ్లు కోసుకోవడానికి వెళ్లినా దాన్ని వెంట తీసుకుపోయేవాడు. రోజూ చేతిలో కత్తి ఉండటంతో మెల్లగా మనసు తిరిగింది, తపస్సు పోయింది, క్రూరుడయ్యాడు. "నీతో పగలేని వాళ్లమీద విల్లెత్తడం గురించి ఆలోచించు" అన్నది ఆమె మాటల సారాంశం. రాముడు కోప్పడలేదు. తన మీద ప్రేమతో చెప్పావని మెచ్చుకుని, మునులకిచ్చిన మాట తప్పలేనని జవాబిచ్చాడు. అడవి దారిలో ఆలుమగల మధ్య ఆయుధం మంచిదా చెడ్డదా అన్న చర్చ! ఏ క్యాలెండరు బొమ్మలోనూ ఈ దృశ్యం కనిపించదు.

ద్రౌపది అనని మాట

మయసభలో దుర్యోధనుడు నీళ్లలో పడ్డప్పుడు "గుడ్డివాడి కొడుకూ గుడ్డివాడే" అని ద్రౌపది అన్నదనీ, కురుక్షేత్రానికి మూలం ఆ మాటేననీ టీవీ సీరియళ్ల పుణ్యమా అని ఇంటింటా స్థిరపడిపోయింది. వ్యాస భారతంలో ఆ మాట లేదు. ద్రౌపది నవ్విందన్న సంగతి కూడా దుర్యోధనుడు తండ్రి దగ్గర కూర్చుని చేసిన ఫిర్యాదులో వస్తుంది.

ఆమె నిజంగా అన్న మాట వేరే ఉంది. జూదంలో నిన్ను ఓడిపోయారు, సభకు రమ్మంటున్నారని కబురు తెచ్చినవాడిని ఆమె వెనక్కి పంపింది: "ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా? కనుక్కుని రా." తనను తాను ఓడిపోయినవాడికి మరొకరిని ఒడ్డే హక్కు ఎక్కడిది? భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనదని ఊరుకున్నాడు. కౌరవుల్లో వికర్ణుడొక్కడే ఆమె పక్షాన లేచాడు. అనని మాట అందరికీ కంఠతా వచ్చు. అడిగిన ప్రశ్నకు ఆ సభలో పెద్దలెవరూ జవాబు చెప్పలేదు.

దీపావళి నాటి విల్లు

నరకాసురుడితో సత్యభామ యుద్ధం చేసిందని మన పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మతాబులతో పాటే ఆ కథా వస్తుంది. అయితే సంస్కృత భాగవతంలో ఆమె కృష్ణుడి వెంట గరుడుడి మీద వెళుతుంది, యుద్ధం చేసేది మాత్రం కృష్ణుడే. ఆమె చేతికి విల్లిచ్చి తెలుగువాళ్ల ముందు నిలబెట్టింది 14వ శతాబ్దపు నాచన సోమన, ఆ తర్వాత పోతన.

పోతన ఆ ఘట్టంలో ఒకే ముఖాన్ని రెండువైపుల నుంచి చూపిస్తాడు. పక్కనున్న భర్త వైపు తిరిగితే చంద్రుడు, ఎదురుగా ఉన్న శత్రువు వైపు తిరిగితే సూర్యుడు. ముడి బిగించి, కొంగు సవరించుకుని విల్లందుకుంటుంది. ఆఖరి దెబ్బ చక్రంతో కృష్ణుడిదే, పోతనలో కూడా. కానీ తెలుగింటి పండగలో ఆ యుద్ధం ఆమెదే అయిపోయింది.

కాలూ, జడా

అదే సత్యభామ నంది తిమ్మన పారిజాతాపహరణంలో కృష్ణుడి తలను ఎడమకాలితో తన్నింది. పువ్వు రుక్మిణికిచ్చాడని అలక. కాళ్ల మీద పడ్డ భర్తను అలా తోసేస్తే, ఆయన తన తల గురించి కాక, పులకించి ముళ్లలా నిక్కిన తన వెంట్రుకలు ఆమె పాదానికి గుచ్చుకున్నాయేమోనని బాధపడ్డాడు. కృష్ణదేవరాయలి చిత్రపటం వైపు కాళ్లు పెట్టి నిద్రపోయిన రాణి మీద రాజుకు కోపం వస్తే, ఆ కోపం తీర్చడానికి తిమ్మన ఈ కావ్యం రాశాడని ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, దేవుడే తన్నించుకోగా లేనిది రాజుకేమిటన్న వాదన మాత్రం గట్టిదే.

కూచిపూడి భామాకలాపంలో ఆమె రాక ఇంకా చిత్రం. ఇద్దరు పట్టుకున్న తెర వెనక నుంచి ముందు మనిషి కనిపించదు, జడ కనిపిస్తుంది. నగలతో మెరిసే ఆ పొడుగాటి జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. అది అలంకారం అనుకుంటాం. అది సవాలు. విద్యలో నన్ను గెలిచినవాళ్లుంటే వచ్చి ఈ జడ కోయండి అని అర్థం చెబుతారు. అంతటి భామ, నీ భర్త పేరేమిటని చెలికత్తె మాధవి అడిగితే మాత్రం సిగ్గుతో మెలికలు తిరిగిపోతుంది.

ఇంకో సంగతి. శతాబ్దాలపాటు ఆ జడ వేసింది మగవాళ్లే. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణశర్మే అన్న రోజులున్నాయి. రంగస్థలం మీద బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు (1902–1971) ఆడవేషాలకు పెట్టింది పేరు. శ్రీకృష్ణ తులాభారంలో తన సత్యభామకు కావాల్సిన పాట తానే రాసుకున్నారు. తర్వాత సినిమాలో అదే పాట జమున మీద చిత్రించారు. ఆడవాళ్లు స్టేజీ ఎక్కడం తప్పనుకున్న కాలంలో, అందరికంటే పొగరుబోతు ఆడదాన్ని మగవాడు ఆడి చూపిస్తే ఊళ్లకు ఊళ్లు మురిసిపోయాయి.

వరూధిని వాదన

మనుచరిత్రలో అప్సరస వరూధిని అనగానే ప్రవరుడి నిగ్రహం గుర్తొస్తుంది, ఆమె కన్నీళ్లు గుర్తొస్తాయి. పెద్దన ఆమెకు కన్నీళ్ల కంటే ముందు తర్కం ఇచ్చాడు. కాలికి రాసుకున్న పసరు హిమాలయాల మంచుకు కరిగిపోయి దారి తప్పిన ప్రవరుడు, మా ఊరికి దారేదని అడిగాడు. అంతంత కళ్లు పెట్టుకుని దారి అడుగుతావేమని ఆమె ఎగతాళి చేసింది. నిత్యకర్మలకు వేళ మించుతోందని అతను తొందరపడితే, ఆ యజ్ఞాలన్నీ చేసేది స్వర్గం కోసమే కదా, స్వర్గంలో దొరికేది మా పొందే కదా, అది ఇక్కడే ఎదురుగా వచ్చి నిలబడితే ఇంకా యజ్ఞాలెందుకు అంది. ప్రవరుడు దానికి జవాబు వెతుక్కోకుండా అగ్నిదేవుణ్ని ప్రార్థించి ఇల్లు చేరాడు. తర్వాత ప్రవరుడి వేషంలో ఒక గంధర్వుడు వచ్చి ఆమెను మోసం చేశాడు. కథలో మోసపోయింది ఆమె, మాట పడిందీ ఆమే.

నగలు తీసేసిన సుగాత్రి

ప్రబంధం అంటే నఖశిఖ పర్యంతం వర్ణనలని ఒక నింద ఉంది. 16వ శతాబ్దంలోనే పింగళి సూరన దాన్ని తలకిందులు చేశాడు. కళాపూర్ణోదయంలో శాలీనుడని ఒక ఇల్లరికపు అల్లుడు. భార్య సుగాత్రి నిండా నగలు పెట్టుకుని ఎంత ముస్తాబై వచ్చినా పలకడు, ఉలకడు. అత్తగారు విసిగి తోటపని అప్పగిస్తే హాయిగా అదే చేసుకుంటూ ఉంటాడు. చివరికి సుగాత్రి నగలన్నీ తీసిపెట్టి, కొంగు బిగించి, తోటలోకి దిగి అతనితో పాటు మట్టి పని చేసింది. చెమటతో, మట్టి చేతులతో ఉన్న ఆమెను చూశాక గానీ అతని మనసు కదలలేదు.

పని చేసే ఆడదాని అందం గురించి ఈ రోజు ఎవరైనా కథ రాస్తే ఆధునికం అంటాం. సూరన దాన్ని ఓ పిట్టకథలో చెప్పేసి ముందుకు వెళ్లిపోయాడు.

పేరు లేని అక్క

తెలుగు కావ్యాల్లో బతికున్న మనిషిలా అనిపించే ఆడపాత్ర ఎవరని అడిగితే, చాలామంది పండితులు చూపించే మనిషికి పేరు లేదు. తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ అక్క. అంతే, అదే ఆమె పేరు.

తమ్ముడు చదువుకున్నవాడు, చెడుతిరుగుళ్లు మరిగాడు. ఆస్తి కరిగిపోతోంది, తల్లిదండ్రులు ఏమీ అనలేక కుమిలిపోతున్నారు. అత్తవారింటి నుంచి అక్క దిగింది, పిల్లల్ని వెంటేసుకుని. కేకలు వేయలేదు. తమ్ముణ్ని చేరదీసి, బుజ్జగించి, తల్లిదండ్రుల వయసూ, కట్టుకున్నదాని బతుకూ గుర్తుచేసి, మెత్తగా చీవాట్లు పెట్టింది. తమ్ముడు మారినట్టే నటించాడు. ఇల్లంతా సంతోషించింది. ఒక రాత్రి దొరికిందంతా మూటగట్టుకుని పారిపోయాడు. అందులో అక్కగారి ముక్కరా ఉంది!

తెల్లారి ఇంట్లో ఒక్కొక్కరూ పోయిన వస్తువును తలచుకుని ఏడుస్తుంటే, ఈ మహాతల్లి ముక్కర కోసం ఏడ్చింది. తమ్ముడు పాడైపోయాడన్న దుఃఖమూ, నగ పోయిందన్న దుఃఖమూ ఒక్క గుండెలోనే. మీ ఇంట్లో, మా ఇంట్లో ఉండే అక్కే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆమె మీద ఏకంగా ఒక వ్యాసమే రాశారు. తమ్ముడి పేరు మీద బతికిన ఆ అక్క, చివరికి తమ్ముడినే తన వల్ల గుర్తుండేలా చేసింది.

శివుడికి తల్లెక్కడ?

పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో బెజ్జమహాదేవి అనే భక్తురాలికి ఒక అనుమానం వచ్చింది. అందరికీ తల్లి ఉంది, శివుడికి లేదే! తల్లే ఉంటే ఆ పాములేమిటి, ఆ బూడిదేమిటి, ఆ విషం తాగనిస్తుందా? ఇక ఆలోచించలేదు. తానే తల్లయింది. లింగాన్ని ఒళ్లో పెట్టుకుని నూనె రాసి, నీళ్లు పోసి, కాటుక పెట్టి, పాలు పట్టింది. దేవుడి తల్లి కనుక ఆమెను అమ్మవ్వ అన్నారు. మోక్షం ఇమ్మని దేవుణ్ని అడిగే భక్తులు కోకొల్లలు. నీకు అమ్మ లేదు పాపం అని దేవుడి మీదే జాలిపడ్డ భక్తురాలు ఈమె.

చక్రవర్తి కావ్యంలో కవయిత్రి

కృష్ణదేవరాయలు రాసిన ఏకైక తెలుగు కావ్యానికి పేరు ఒక ఆడపిల్ల చేసిన పని మీద పెట్టాడు. ఆముక్తమాల్యద అంటే తాను ధరించి విడిచిన పూలదండను దేవుడికి ఇచ్చినది. ఆమె శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి, తమిళంలో తిరుప్పావై పాడిన ఆండాళ్. దేవుడికి కట్టిన దండ ముందు తాను వేసుకుని చూసుకోవడం అపచారం. ఆ అపచారమే ఇక్కడ కావ్యం పేరు. తమాషా ఏమిటంటే ఆరు ఆశ్వాసాల పుస్తకంలో ఆమె మనకు కనిపించేది ఐదో ఆశ్వాసంలో. పేరు మాత్రం మొదటి పుట నుంచీ ఆమెదే.

నాయకురాలు

ఇంట్లో కాస్త గట్టిగా మాట్లాడే ఆడమనిషిని "నాయకురాలు నాగమ్మ" అని దెప్పడం మీరూ వినే ఉంటారు. శ్రీనాథుడిదని చెప్పే ద్విపద కావ్యం పల్నాటి వీరచరిత్రలో ఆమె 12వ శతాబ్దపు మంత్రి, గురజాల నలగామరాజు కొలువులో రాజ్యం నడిపిన మనిషి. కోడిపందెం, మాచర్లవాళ్ల వనవాసం, కారంపూడి యుద్ధం అన్నిటికీ ఆమె కుట్రే కారణమని కథ. ఎదుటిపక్షంలో బ్రహ్మనాయుడు చేసిన ఎత్తులకు రాజనీతి అని పేరు, ఈమె చేసిన వాటికి కుతంత్రమని పేరు. పాట పాడింది మాచర్ల పక్షం వీరులను కొలిచేవాళ్లు కదా! అయినా, తిట్టాలనుకున్నవాళ్లు కూడా ఆమె ముందు "నాయకురాలు" అన్న బిరుదు తీయలేకపోయారు.

రాసిన చేతులు

తాళ్లపాక అన్నమయ్య పాటలు తెలియని తెలుగిల్లు లేదు. ఆయన భార్య తిమ్మక్క 15వ శతాబ్దంలో సుభద్రా కల్యాణం రాసిందనీ, తొలి తెలుగు కవయిత్రిగా ఆమెనే చెబుతారనీ ఎంతమందికి తెలుసు? ఆమె ఎంచుకున్నది పండితులు మెచ్చే వృత్తాలు కాదు, ఆడవాళ్లు పాడుకునే మంజరీ ద్విపద.

మొల్ల తన రామాయణం మొదట్లో, తనకు వ్యాకరణం రాదు, అలంకారాలు తెలియవు, శాస్త్రాలు చదవలేదని చెప్పుకుంది. ఆ రానివాటి జాబితాను చక్కని ఛందస్సులో, తప్పుపట్టడానికి వీల్లేని పద్యాల్లో చెప్పింది! మాట వినగానే అర్థం కావాలి, తేనె తగిలిన నాలుకలా నోరు తీయనవ్వాలి, నిఘంటువు వెతుక్కునే కవిత్వం ఎందుకన్నది ఆమె వాదం. కుమ్మరి ఇంటి పిల్లగా జనం గుర్తుపెట్టుకున్న ఆమె, పుస్తకాన్ని ఏ రాజుకూ అంకితమివ్వలేదు. ఆరు కాండలతో, పట్టాభిషేకంతో ఆగిపోయింది. ఆమె పుస్తకంలో సీతను ఎవరూ అడవికి పంపరు.

పోలీసులు పట్టుకున్న రాధ

ఇక అన్నిటికంటే పెద్ద కథ. 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని అనే దేవదాసి ఉండేది. నాయనమ్మ తంజనాయకి అని పీఠికలో తన వంశాన్ని గర్వంగా చెప్పుకుంది. ఆమె కావ్యం రాధికా సాంత్వనం. రాధ తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, ఆ తర్వాత తట్టుకోలేక అలుగుతుంది. బతిమాలి ఓదార్చాల్సిన పని కృష్ణుడిది. ఓదార్పు అందుకునేది ఆడది, అడిగేదీ ఆడదే. శృంగారంలో ఆమె కోరిక ఆమె మాటల్లోనే ఉంది.

1887లో అచ్చయినప్పుడు పీఠికనూ, కొన్ని పద్యాలనూ తీసేశారు. వంశం చెప్పుకున్న పుటలే మాయం! బెంగళూరు నాగరత్నమ్మ, తర్వాత రోజుల్లో తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించిన ఆ నాగరత్నమ్మే, తాళపత్రం సంపాదించి పూర్తి పాఠాన్ని 1910లో వావిళ్ల వారిచేత అచ్చు వేయించారు. ముద్దుపళనిది ఆడది రాయకూడని రాత అని కందుకూరి వీరేశలింగం తన కవుల చరిత్రలో ఏనాడో తీసిపారేశారు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా, మీరే చూసి అచ్చుకు పంపిన కావ్యాల్లో ఇంతకంటే పచ్చి వర్ణనలు లేవా అన్నది నాగరత్నమ్మ ప్రశ్న.

వితంతువుల పెళ్లిళ్ల కోసం రాళ్లదెబ్బలకు వెరవని మనిషి ఒకవైపు, దేవదాసి కులంలో పుట్టిన గాయని మరోవైపు. స్త్రీజనోద్ధరణ పెద్దల పక్షాన ఉంది, చట్టమూ వాళ్ల పక్షానే నిలబడింది. 1911లో పోలీసులు ప్రతులను పట్టుకుపోయారు, నిషేధం పడింది. అది 1947లో టంగుటూరి ప్రకాశం చేతిమీదుగా తొలగింది. 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చు వేశారు. ఆడవాళ్లను గురించి ఎంత శృంగారమైనా రాయొచ్చు. ఆడది రాస్తేనే కేసు.

కంటె ఎవరిది?

గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. ఈ రోజు మనం చదివేది 1909లో బాగా పెంచి తిరగరాసినది. నాటకంలోని వేశ్య మధురవాణి ఇంత పెద్ద మనిషైంది అందులోనే.

నాటకం వెనక ఒక లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లాలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల వివరాలను మహారాజా ఆనందగజపతి సేకరింపజేశారు. మూడేళ్లకు తేలినవి 1,034. అందులో ఐదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలు గురజాడ తొలి ముద్రణ పీఠికలో ఉన్నాయి.

ఇంత ఘోరాన్ని ఆపడానికి నాటకంలో పూనుకున్నవాళ్లు ఎవరు? ముసలి లుబ్ధావధాన్లుకు ఆడవేషం కట్టిన కుర్రాడినిచ్చి పెళ్లి చేయించే ఎత్తు కరటకశాస్త్రిది. ఆ దొంగ పెళ్లికూతురి మెడలోకి నిజం బంగారు కంటె ఇచ్చింది మధురవాణి. ఊరు చెడ్డదన్న మనిషి నగ, ఊరు మంచివాళ్లనుకునే వాళ్లు అమ్మబోయిన పిల్లను కాపాడింది.

నిద్ర లేచిన మాట

చివరిది పుస్తకంలో దొరకదు. దొరికినా చదివితే చాలదు, వినాలి.

మా అమ్మమ్మ చాటలో బియ్యం ఏరుతూ ఊర్మిళాదేవి నిద్ర పాడేది. రాయి తగిలితే పాట ఆగేది, రాయి అవతల పడేశాక మళ్లీ సాగేది. వాల్మీకిలో ఊర్మిళ పద్నాలుగేళ్లు ఏం చేసిందో ఉండదు. మన ద్విపదలకూ, ఆడవాళ్ల పాటలకూ ఆ లోటు కనిపించింది. అన్నకు కాపలా కాయడానికి లక్ష్మణుడు వదులుకున్న నిద్రను ఊర్మిళ తీసుకుందని అల్లారు. ఇంకో పాటలో శూర్పణఖ మారువేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమని సీతను అడుగుతుంది. ముఖమెన్నడూ చూడలేదు, కాలి బొటనవేలే చూశానని సీత వేలు గీస్తుంది, మిగతా బొమ్మ శూర్పణఖ పూర్తిచేస్తుంది, అది సీత మెడకు చుట్టుకుంటుంది. రాముడికి కోపం వస్తే, ఈ పాటల్లో తోటికోడళ్లూ, రాముడి అక్క శాంతా సీత పక్కన నిలబడతారు. పండితుల పుస్తకాల్లో పక్కన నిలబడిన ఆ ఆడవాళ్లు ఎక్కడికి పోతారో!

ఊర్మిళ పాటలో పట్టాభిషేకం అయ్యాక సీతే గుర్తుచేస్తుంది, చెల్లెలు ఇంకా నిద్రలోనే ఉందని. లక్ష్మణుడు ఆమె గదికి వెళ్లి పక్కన కూర్చుంటాడు. వింటున్న మనకు తెలుసు, ఇప్పుడు కళ్లు తెరుస్తుంది, ఏడుస్తుంది, కాళ్లకు దండం పెడుతుంది. అమ్మమ్మ మాత్రం ఇక్కడికి రాగానే గొంతు పెంచేది, చాట పక్కన పెట్టేది. ఊర్మిళ కళ్లు తెరిచి ఉలిక్కిపడుతుంది. పరాయి ఆడదాన్ని కోరిన ఇంద్రుడి గతి ఏమైందో, రావణుడి గతి ఏమైందో తెలియదా, మా నాన్న వింటే నిన్ను బతకనిస్తాడా అని దులిపేస్తుంది. అన్నిటికంటే ముందు మాత్రం, పద్నాలుగేళ్ల తర్వాత వచ్చిన మొగుణ్ని ఒకటే అడుగుతుంది.

"ఎవరు నువ్వు?"